గువ్వలచెరువు ఘాట్ కంటే గాలే బరువు

కడపలో కరెంటు బండి కొన్నవాళ్ళలో చాలామంది దాన్ని చింతకొమ్మదిన్నె దాటించరు. ఆ తర్వాత గువ్వలచెరువు ఘాట్ వస్తుంది కాబట్టి. "ఊర్లో తిరగడానికైతే బాగుంటాది, కొండెక్కాలంటే మాత్రం పెట్రోలు బండే" అనే మాట మా షాపులో తరచూ వింటుంటాను. నాది మోటార్ వైండింగ్ షాపు. రైతుల బోరు మోటార్లు కాలిపోతే విప్పి, పాత తీగ పీకేసి, కొత్త రాగి తీగ చుట్టడం నా పని. మోటారు దేనికి కాలుతుందో, దేనికి కాలదో చేతులతో చూసినవాణ్ణి. అందుకే ఆ మాట విన్నప్పుడల్లా ఊరుకోలేను.

ఘాట్‌కు భయపడాల్సిన పని లేదని లెక్కలో నాకు తెలుసు. కానీ లెక్క చెబితే ఎవరూ వినరు. పోయొచ్చి చెప్పాలి. శ్రావణంలో ఒక ఆదివారం షాపు మూసి బయల్దేరాను. శనివారం ఎందుకు కాదంటే, శ్రావణ శనివారాల్లో గండి వీరాంజనేయస్వామి దగ్గర జనం విపరీతంగా ఉంటారు, ఆ దారిలో బండ్లు కదలవు.

దారి ఇట్లా అనుకున్నాను. కడప నుంచి దక్షిణంగా గువ్వలచెరువు మీదుగా రాయచోటి. అక్కడ మధ్యాహ్నం దాకా చార్జింగు. తర్వాత వాయవ్యంగా లక్కిరెడ్డిపల్లె, చక్రాయపేట మీదుగా గండి, వేంపల్లె. చివరికి తూర్పుకు తిరిగి కడప. అంతా కలిపి నూట యాభై కిలోమీటర్లకు కాస్త పైన. నా బండి బ్యాటరీ 3.7 కిలోవాట్ అవర్లు, అంటే మన ఇంటి మీటర్లో తిరిగే మూడున్నర యూనిట్లకు కొంచెం ఎక్కువ. అదుపుగా నడిపితే వంద దాటి వస్తుంది, నూట యాభై రాదు. కాబట్టి మధ్యలో ఒకసారి ప్లగ్గు తప్పదు.

ఇక ఘాట్ లెక్క. బండి, నేను, సంచీ కలిపి 200 కిలోలు. అంత బరువును 100 మీటర్ల ఎత్తుకు లేపడానికి కావాల్సింది 54 వాట్ అవర్లు (వెయ్యి వాట్ అవర్లైతే ఒక యూనిట్). మోటార్లో, దానికి ఎంత కరెంటు పోవాలో చూసే కంట్రోలర్లో వేడిగా పోయేది కలుపుకున్నా 70 దాటదు. ఘాట్‌లో 300 మీటర్లు ఎక్కుతామనే అనుకుందాం. 200 వాట్ అవర్లు, యూనిట్‌లో ఐదో వంతు. చదును రోడ్డు మీద గంటకు 40 వేగంతో పోతే నా బండి కిలోమీటరుకు 25 వాట్ అవర్ల దాకా తీసుకుంటుంది. అంటే ఘాట్ మొత్తానికి అదనంగా అయ్యేది ఎనిమిది కిలోమీటర్ల మామూలు ప్రయాణానికి అయ్యే కరెంటే. కొండ అంత పెద్దగా కనిపిస్తుంది గానీ, బ్యాటరీ నుంచి తీసుకునేది ఇంతే.

గాలి సంగతి అట్లా కాదు. గాలి ఆపే బలం వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 40లో పోతున్నప్పుడు ఎదురుగా 20 వేగంతో గాలి వీస్తే, నా ఛాతీకి తగిలే గాలి 60. ఆపే బలం రెండింతల కంటే ఎక్కువైపోతుంది. కిలోమీటరుకు 25 తినే బండి 40 పైన తింటుంది. ఇట్లా ఒక యాభై కిలోమీటర్లు పోతే అదనంగా పోయేది ముప్పావు యూనిట్ పైమాటే. ఘాట్‌కు పోయిన దానికి దాదాపు నాలుగింతలు. ఆషాఢ శ్రావణాల్లో మన సీమలో పడమటి గాలి ఎట్లా ఉంటుందో నేను చెప్పనక్కర్లేదు. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ గాలిని నమ్మే.

అందుకే ఈ చుట్టు ఏ వైపు నుంచి తిరగాలనేది కూడా గాలిని బట్టే అనుకున్నాను. పొద్దున్న గాలి తక్కువ ఉంటుంది, ఎండ ఎక్కేకొద్దీ పెరుగుతుంది. మొదట ఘాట్, తర్వాత రాయచోటి నుంచి కొంత ఎదురుగాలి, చివర వేంపల్లె నుంచి కడపకు తూర్పు ముఖంగా, గాలి వీపు మీద. బ్యాటరీ అడుగంటే సమయానికి గాలి తోడు రావాలి. ఇదే దారిని తిరగేసి వేంపల్లె వైపు నుంచి మొదలుపెట్టి ఉంటే, అవే కిలోమీటర్లు, అవే కొండలు, కానీ గాలి తోడు దొరకాల్సిన దారంతా పొద్దుటి పూట ఎదురుగాలిలో పోయేది.

ఐదున్నరకు ఇంట్లో బయల్దేరాను. మా ఇంటామెకు టెన్షన్. ఘాట్‌లో లారీల గురించి పేపర్లో చదివేవన్నీ ఆమెకు గుర్తే. ఆ భయంలో న్యాయం ఉంది. గువ్వలచెరువు ఘాట్‌లో దిగే లారీలకు బ్రేకులు ఫెయిలై జరిగిన ప్రమాదాలు తక్కువేం కాదు. కరెంటు బండికి శబ్దం ఉండదు కాబట్టి మలుపు దగ్గర అవతలివాడికి మనం వస్తున్నట్టు తెలియదు. ప్రతి మలుపుకూ ముందే హారన్ కొట్టాలి, ఎడమ అంచు వదలకూడదు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా.

టైర్లలో గాలి ముందురోజు రాత్రే పట్టించాను. తెల్లారే వేళకు చింతకొమ్మదిన్నె దాటి పాలకొండల అడుగుకు చేరుకున్నా. ఎర్రచందనం పుట్టిల్లు ఈ కొండలు. వాన పడ్డాక కొండ మీద చెట్టూ చేమా కొత్త ఆకు వేసి ఉంది, రాళ్ళు మాత్రం ఎప్పటిలా ఎర్రగా.

ఘాట్ మొదలైన చోట వేగం 35కు తగ్గించి, అక్కడి నుంచి అదే వేగం పట్టుకున్నాను. ఇక్కడ నా వృత్తి మాట ఒకటి చెప్పాలి. మోటారు కాలేది ఎత్తు వల్ల కాదు, తీగలో పోయే కరెంటు వల్ల. కరెంటు రెండింతలైతే వేడి నాలుగింతలు అవుతుంది. రైతు మోటార్లు ఎందుకు కాలతాయంటే, వోల్టేజీ పడిపోతుంది, పైకి లాగాల్సిన నీళ్ళు మాత్రం తగ్గవు, ఆ పని చేయడానికి మోటారు కరెంటు ఎక్కువ లాక్కుంటుంది. రాగి మీద ఉన్న ఎనామిల్ పూత మాడిపోతుంది, చుట్టలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. అట్లా మాడిన వాసన నేను షాపు గుమ్మం దగ్గరే పట్టేస్తాను. బండి మోటారుకైతే మధ్యలో కంట్రోలర్ కాపలా ఉంటుంది. వేడి హద్దు దాటబోతే కరెంటు తగ్గించి వేగం తగ్గిస్తుంది, కాలనివ్వదు. మన బోరు మోటార్లకు ఇట్లాంటి కాపలా ఉంటే మా రైతులకు ఎంత డబ్బు మిగిలేదో.

ఐదు శాతం వాలు ఎక్కేటప్పుడు నా బండిని వెనక్కి లాగే బలం, చదును మీద 60లో పోయేటప్పుడు గాలి లాగే బలం, రెండూ దాదాపు ఒకటే. అంటే బైపాస్ మీద రోజూ 60లో పోయే కుర్రవాడి బండి రోజూ ఒక ఘాట్ ఎక్కుతున్నట్టే లెక్క. వాడికి అది తెలియదు. ఘాట్ అనగానే వెనక్కి తిరుగుతాడు.

ఒక మలుపు దగ్గర లోడు లారీ మొదటి గేరులో పాకుతుంటే, దాని వెనక పదిలో పోవాల్సి వచ్చింది. మోటారుకు నచ్చనిది ఇదే. మెల్లగా పోతున్నామని సుఖం కాదు, అదే వాలు మీద లాగే బలం అంతే ఉంటుంది, ఎక్కే సమయం మాత్రం మూడింతలవుతుంది, వేడి అంతసేపూ పోగవుతుంది. పక్కన చోటున్న దగ్గర ఆపుకుని, లారీని పోనిచ్చి, ఖాళీ అయ్యాక మళ్ళీ ఎక్కాను. పైకి చేరాక మోటారు కప్పు మీద అరచెయ్యి పెట్టి చూశా. వేడిగా ఉంది, కానీ చెయ్యి పెట్టి ఉంచగలిగేంత. సంతోషం పట్టలేకపోయాను. ఎవరికైనా చెప్పాలనిపించి ఇంటికే ఫోన్ చేశా.

గువ్వలచెరువులో బ్యాటరీ 75 శాతం చూపించింది.

గువ్వలచెరువు అంటే పాలకోవ. రోడ్డుకు అటూ ఇటూ అంగళ్ళు, వెనక కట్టెల పొయ్యిల మీద పెద్ద బాణళ్ళు. పాలు చిక్కబడేదాకా కలియబెడుతూ ఉండాల్సిందే, చెయ్యి ఆపితే అడుగంటుతుంది. పొద్దున్నే పాలు పోసిపోయేవాళ్ళు వస్తున్నారు. వాళ్ళలో ఒకాయన బండి చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"ఏమన్నా, ఇది ఘాటెక్కొచ్చిందా?"

"ఎక్కొచ్చింది."

"ఒక్కడివే కాబట్టి ఎక్కింటాది. రెండు క్యాన్లు కడితే ఎక్కుతాదా?"

ఈ ప్రశ్న కోసమే నేను వచ్చానేమో. అక్కడే కోవ పొట్లం కాగితం వెనక లెక్క వేసి చూపించాను. నలభై లీటర్ల క్యాన్లు రెండంటే 80 లీటర్లు, 82 కిలోల పాలు. 300 మీటర్లు ఎక్కడానికి అదనంగా అయ్యేది 90 వాట్ అవర్ల లోపే. మూడున్నర కిలోమీటర్లకు పట్టే కరెంటు. బ్యాటరీకి అది లెక్కే కాదు. కానీ చూసుకోవాల్సింది వేరే ఉంది. బండి ఎంత బరువు మోయొచ్చో దాని కాగితంలో రాసి ఉంటుంది. మనిషి, పాలు, క్యాన్లు కలిపి ఆ హద్దు దాటితే చక్రాలకూ, బ్రేకులకూ మంచిది కాదు. మోటారు కూడా ఎక్కువసేపు వేడిలో ఉంటుంది. "ఒక క్యాను అయితే నిశ్చింతగా పోవచ్చు. రెండింటికి ఈ స్కూటర్లు కాదు, బరువు మోయడానికే చేసిన బండి చూసుకో" అన్నాను. ఆయన రోజూ పెట్రోలుకు ఎంత అవుతుందో చెప్పాడు. పాల మీద మిగిలేదాంట్లో అది చిన్న భాగం కాదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మా షాపు నంబరు కూడా దాని మీదే రాసిచ్చాను.

గువ్వలచెరువు నుంచి రాయచోటి దాకా రోడ్డు మంచిదే. రాయచోటి కడప కంటే రెండొందల మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది, గాలిలోనే ఆ తేడా తెలుస్తుంది. 57 శాతంతో ఊరు చేరుకున్నా.

రాయచోటిలో నాతో పాటు పని నేర్చుకున్న భాయ్ ఉన్నాడు. అతనిదీ వైండింగ్ షాపే. ఆదివారమైనా నా కోసం షట్టరు ఎత్తాడు. బోరు మోటార్లు నడిచే వేళ, వోల్టేజీ ఎట్లుంటుందోనని మీటరు పెట్టి చూశాం. 195 చూపించింది. తీగ చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే క్లాంప్ మీటరు పెడితే చార్జరు నాలుగు ఆంపియర్ల పైన తీసుకుంటోంది. చార్జరు మంచిదైతే వోల్టేజీ తగ్గినా పని ఆపదు, కరెంటు కాస్త ఎక్కువ తీసుకుని అంతే పవరు ఇస్తుంది. కానీ ఆ కరెంటు గంటల తరబడి ప్లగ్గు గుండా పోవాలి. దారిలో చార్జింగ్ పెట్టుకునేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: టీవీకి వాడే ఐదు ఆంప్స్ సాకెట్ వదులైపోయి ఉంటే అందులో పెట్టొద్దు. పిన్ను దగ్గర వేడెక్కి ప్లాస్టిక్కు కరుగుతుంది. పదహారు ఆంప్స్ సాకెట్ ఉందా అని అడగండి, పెట్టిన పావుగంటకు ప్లగ్గు మీద వేలు పెట్టి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫరవాలేదు, చురుక్కుమంటే తీసేయండి. ఎర్తింగు ఉందో లేదో చూసుకోవడానికి నా సంచీలో టెస్ట్ ల్యాంప్ ఎప్పుడూ ఉంటుంది.

భాయ్ వాళ్ళింట్లో సంగటి, ఊరిబిండి, నాటుకోడి పులుసు. తిని, వీరభద్రస్వామి గుడి దాకా నడిచి వచ్చేసరికి రెండు గంటలు గడిచాయి. 95 శాతం ఎక్కింది. కరెంటు డబ్బు ఇవ్వబోతే భాయ్ నా చెయ్యి పట్టుకుని తోసేశాడు.

మధ్యాహ్నం దారి ఈ ప్రయాణంలో అసలు పరీక్ష. లక్కిరెడ్డిపల్లె దాటాక గాలి మొదలైంది. ఫోన్‌లో వాతావరణం చూస్తే గంటకు 25 కిలోమీటర్లు అని ఉంది, పడమర నుంచి. దారి వాయవ్యంగా పోతుంది కాబట్టి ఒక్కోచోట ముఖానికి, ఒక్కోచోట ఎడమ భుజానికి తగిలింది. హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి. స్పీడు 40 దాటనివ్వలేదు, బాగా ఎదురైనచోట 35. వెనకనుంచి బైకులు దూసుకుపోతున్నాయి. పోనీ. మోచేతులు లోపలికి తెచ్చుకుని, చొక్కా గాలికి ఉబ్బకుండా జిప్పు జాకెట్ వేసుకున్నా. బట్టలు రెపరెపలాడితే కూడా బ్యాటరీ పోతుంది, ఎంతో కొంత.

చక్రాయపేట మండలంలోనే సురభి ఉంది. 1885లో కీచకవధ ఆడి, సురభి నాటక సమాజాలు పుట్టింది ఆ ఊళ్ళోనే. అంతకు ముందు తోలుబొమ్మలాడించిన కుటుంబాలవి. బండ్లకెత్తిన తెరలతో, సామాన్లతో, పిల్లాజెల్లాతో ఊరూరూ తిరిగినవాళ్ళు. వాళ్ళు తిరిగిన మట్టిదారులు తలుచుకుంటే, తారు రోడ్డు మీద ఈ గాలికి గొణుక్కోవడం తగదనిపించింది. ఈ చుట్టుపక్కల పుట్టిన పిల్లలకు బడిలో ఈ సంగతి గట్టిగా చెప్పాలి. మా అబ్బాయికి నేనే చెప్పాను, వాళ్ళ పాఠంలో లేదు.

గండి చేరేసరికి బ్యాటరీ 44. రాయచోటి నుంచి ఇక్కడికి నేల మొత్తం మీద దిగుడే, ఎత్తు తగ్గుతూ వచ్చాను. అయినా సగం బ్యాటరీ ఖర్చయింది. పొద్దున్న ఘాట్‌తో కలిపి రాయచోటి దాకా అయింది 43 శాతం. ఇప్పుడు దాదాపు అంతే దూరం, దిగుడు దారి, 51 శాతం. కొండ పైకి లాగినదాని కంటే గాలి వెనక్కి లాగింది ఎక్కువ. లెక్కలో తెలిసిన సంగతే, కానీ తెర మీద అంకె చూశాక అది నాకు అనుభవమైంది.

గండిలో పాపఘ్ని కొండలను చీల్చుకుని పోతుంది. కర్ణాటకలో పుట్టి, వెలిగల్లు మీదుగా వచ్చి, ఇక్కడ రెండు కొండల నడుమ నుంచి బయటపడి, కమలాపురం దగ్గర పెన్నలో కలుస్తుంది. వాయుదేవుడు తపస్సు చేసిన చోటంటారు దీన్ని. రాముడు లంక నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆయన ఈ రెండు కొండలకూ బంగారు తోరణం కట్టాడని, రాముడు బాణం మొనతో రాతి మీద ఆంజనేయుణ్ణి గీశాడని స్థలపురాణం. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఆ తోరణం కనిపించిందని మా వైపు పెద్దలు ఇప్పటికీ చెబుతారు. పగలంతా గాలితో పెనుగులాడి వచ్చినవాడికి ఇది వాయువు తపస్సు చేసిన చోటని ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. ఆ కొండల సందులో నిలబడితే చొక్కా వీపుకు అతుక్కుపోతుంది. స్వామికి కొబ్బరికాయ కొట్టి, వేంపల్లె వైపు తిరిగాను.

వేంపల్లె దాటి తూర్పుకు తిరగగానే చెవుల్లో హోరు ఆగిపోయింది. గాలి వెనక చేరింది. 40లో పోతున్నా ముఖానికి తగిలే గాలి బాగా తగ్గిపోయింది. తెర మీద కిలోమీటరుకు 18 వాట్ అవర్లు చూపిస్తోంది, కొన్నిచోట్ల 15. నందిమండలం వైపు పొలాల్లో వేరుశనగ పచ్చగా ఉంది. ఈ యాభై కిలోమీటర్లలో నాకు బ్యాటరీ గురించి ఆలోచనే రాలేదు.

ఇంటికి చేరేసరికి 17 శాతం మిగిలింది. గోడ ప్లగ్గు దగ్గర లెక్కేస్తే మొత్తం ఐదు యూనిట్ల లోపు. యూనిట్ ఎనిమిది రూపాయలు వేసుకున్నా నలభై. ఇదే దారికి పెట్రోలు బండికి మూడు లీటర్లు, మూడొందల పైన.

దిగేటప్పుడు బ్యాటరీకి తిరిగి ఎక్కే కరెంటు గురించి కూడా అడుగుతుంటారు. ఎక్కుతుంది, కానీ కొంచెమే. దాని అసలు మేలు బ్రేకులకు. ఒక్కటి గుర్తుంచుకోండి, బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు చాలా బండ్లలో అది సరిగా పనిచేయదు, నిండిన బ్యాటరీలో కరెంటుకు చోటుండదు. రాయచోటి వాళ్ళు నూరు శాతం పెట్టుకుని కడపకు దిగేటట్టయితే, ఘాట్ దగ్గరికి వచ్చేసరికి కొంత ఖర్చయి ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు. గువ్వలచెరువులోనే నిండా చార్జింగ్ పెట్టుకుని దిగేవాళ్ళు మాత్రం బ్రేకులు ముందే చూసుకోవాలి.

ఆ వారంలోనే మా షాపు బయట గోడకు పదహారు ఆంప్స్ సాకెట్ ఒకటి పెట్టాను. విడిగా ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే తనంతట తానే పడిపోయే స్విచ్చు), కొత్త ఎర్తింగు, వాన పడకుండా పైన రేకు. రాయచోటి వైపు నుంచో, వేంపల్లె వైపు నుంచో వచ్చేవాళ్ళు ఎవరైనా పెట్టుకోవచ్చు, డబ్బులు వద్దు. బండిని నీడలో పెట్టండి, చార్జరు మీద సంచీ పెట్టకండి. పాల క్యాన్ల బండ్లకు కూడా చోటు చాలేటట్టు ముందున్న అరుగు కొంచెం కొట్టించాను.